మేనకోడలికి ల్యాప్‌టాప్ స్క్రీన్ గురించి మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్ములుకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ల్యాప్‌టాప్‌ల వివరాలు చూశాను. ఒకటి 15.6 అంగుళాల 1920×1080, అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెల్స్ (చుక్కలు). రెండోది 14 అంగుళాల 1920×1200. మూడోది 14 అంగుళాల 2880×1800 ఓఎల్ఈడీ, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం స్క్రీన్. ప్రాసెసర్, ర్యామ్ మూడింట్లోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి తేల్చుకోవాల్సింది స్క్రీన్ దగ్గరే. ముందే చెప్పేస్తున్నాను: నీ నాలుగేళ్ల బీటెక్‌కి రెండోది తీసుకో, కానీ ఒక షరతు మీద. ఆ షరతేంటో కింద వస్తుంది. షాపులో వాడు నీ మనసు మార్చబోయినప్పుడు గట్టిగా నిలబడాలంటే లెక్క నీకూ తెలిసి ఉండాలి.

పిక్సెల్స్ పెరిగితే స్క్రీన్ మీద ఎక్కువ సరుకు పడుతుందని చాలామంది అనుకుంటారు. విండోస్‌లో స్కేల్ అని ఒకటుంటుంది, అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా కనపడాలో చెప్పే సెట్టింగ్ అది. అసలు సంగతంతా అక్కడే ఉంది. 15.6 అంగుళాల 1920×1080 స్క్రీన్‌ని 100% దగ్గర పెడితే అక్షరాలు చిన్నగా ఉంటాయని మామూలుగా 125% పెట్టుకుంటాం. అప్పుడు నీకు పని చేసుకోవడానికి మిగిలే జాగా 1920ని, 1080ని 1.25తో భాగిస్తే వచ్చేంత, అంటే 1536×864. అదే సైజులో 4కె స్క్రీన్, అంటే 3840×2160ది, కొన్నావనుకో. అక్షరాలు అదే పరిమాణంలో కనపడాలంటే స్కేల్ 250% పెట్టాలి. 3840ని 2.5తో భాగించు, 1536. 2160ని భాగించు, 864. నాలుగు రెట్ల పిక్సెల్స్‌కి డబ్బు కట్టినా ఒక్క లైను కూడా అదనంగా పట్టలేదు! పెరిగిందల్లా అక్షరం నునుపు.

ఆ నునుపు మనకెంత కావాలి? అది చెప్పేది పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అనే లెక్క. అడ్డం వర్గం, నిలువు వర్గం కూడి, వర్గమూలం తీసి, స్క్రీన్ అంగుళాలతో భాగించు. పదో తరగతి పైథాగరస్ లెక్కే. నీ మూడింటికి వరసగా 141, 162, 243 వస్తాయి. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడివిడిగా పట్టుకుంటుంది. టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది 145 పీపీఐ దగ్గర తేలుతుంది. కాబట్టి 141 అంచు మీద ఉన్నట్టు, 162 హాయిగా దాటినట్టు. హాస్టల్ మంచం మీద పడుకుని పొట్ట మీద పెట్టుకుంటే దూరం 40 సెంటీమీటర్లకు తగ్గుతుంది, అప్పుడు కన్ను 218 దాకా అడుగుతుంది. కానీ అలా చదవకు, మెడ పట్టేస్తుంది.

ఇంకా కొన్ని షాపుల్లో, పాత స్టాకులో 15.6 అంగుళాల 1366×768 అంటగడుతుంటారు. స్టిక్కర్ మీద ‘హెచ్‌డీ’ అని మాత్రమే ఉంటే అదే అయి ఉంటుంది, 1920×1080 అయితే ‘ఎఫ్‌హెచ్‌డీ’ అని రాస్తారు. దాని పీపీఐ 100. విండోస్ 11కి సరిపోతుంది కదా అంటాడు షాపువాడు. విండోస్ 11 అడిగేదే 720 పిక్సెల్స్ ఎత్తున్న స్క్రీన్, అందుకని ఆ మాటకు విలువ లేదు. ముఖ్యంగా తెలుగు చదివేవాళ్లకు ఇది తగదు. 11 పాయింట్ల అక్షరానికి 100% స్కేల్ దగ్గర దొరికేది 15 పిక్సెల్స్ ఎత్తు. ఆ పదిహేనులోనే పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు ఇమడాలి. ఒత్తు వాటాకి నాలుగైదు వస్తాయి. ఇంగ్లీషు అక్షరం దాంట్లో సుఖంగా కూర్చుంటుంది. మన గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక్క మెలిక, ‘ధ’కీ ‘థ’కీ తేడా లోపలి చుక్క, ‘ప’ పైన తెరుచుకుని ఉంటుంది, ‘వ’ మూసుకుని ఉంటుంది. అవన్నీ ఒకటి రెండు పిక్సెల్స్‌లో తేలాలి, తేలవు. 125% దగ్గర అదే అక్షరానికి 18 పిక్సెల్స్, 200% దగ్గర 29 వస్తాయి. అందుకే షాపుకి వెళ్లినప్పుడు ఇంగ్లీషు పేజీ చూసి మోసపోకు, తెలుగు పేజీ తెరిచి చూడు.

ఇక ఎత్తు. నేను రెండోదానికి ఓటేసింది దీని వల్లే. పాత వెడల్పాటి స్క్రీన్‌లు 16:9 నిష్పత్తి, సినిమాకి కుదిరినవి. 1920×1200 అంటే 16:10. నీ చదువంతా నిలువుగా ఉంటుంది: పీడీఎఫ్‌లు, కోడ్, వర్డ్‌లో ల్యాబ్ రికార్డు. 125% స్కేల్ మీద 1080 పిక్సెల్స్ ఎత్తున్నది 864 ఇస్తే, 1200 ఎత్తున్నది 960 ఇస్తుంది. విండోస్ 11 కింద టాస్క్‌బార్ రెండింట్లోనూ 48 తినేస్తుంది. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో మామూలు అక్షర సైజుకి ఒక లైను 19 తీసుకుంటుంది. కాబట్టి ఆ 96 తేడా అంటే అచ్చంగా ఐదు లైన్ల కోడ్. కింద టెర్మినల్ తెరిచి పెట్టుకునే నీకు ఆ ఐదు లైన్లు చిన్న విషయం కాదు, ఒక ఫంక్షన్ పూర్తిగా కనపడటమో మధ్యలో తెగిపోవడమో అక్కడే తేలుతుంది.

ఒక జాగ్రత్త. 14 అంగుళాల దాంట్లో కంపెనీ స్కేల్ 150% పెట్టి ఉంచితే జాగా 1280×800కి పడిపోయి, ఎత్తు కోసం పెట్టిన డబ్బంతా గంగలో కలుస్తుంది. 125%కి దించుకో. అక్షరాలు కొంచెం చిన్నవవుతాయి, నీ వయసు కళ్లకు ఇబ్బంది ఉండదు. అదే నాన్నగారికి కొంటుంటే 16 అంగుళాల 1920×1200 చెప్పేవాణ్ణి. దాని వెడల్పు 15.6 అంగుళాల పాతదంతే ఉంటుంది, ఎత్తు రెండు సెంటీమీటర్లు ఎక్కువ. రోజూ బస్సెక్కి దిగే నీ బ్యాగుకి మాత్రం అది బరువు.

సగం స్క్రీన్‌లో పాఠం వీడియో, సగంలో నోట్స్ పెట్టుకునే అలవాటు నీకుంది కదా, దాని లెక్క కూడా చూడు. 1536లో సగం 768. చాలా వెబ్‌సైట్లు 768 కంటే వెడల్పు తగ్గితే ఫోన్ రూపంలోకి మారిపోతాయి. అంటే సరిగ్గా అంచు మీద బతికిపోయావు. 1366 వాటిలో సగం 683, మెనూలన్నీ మూడు గీతల గుర్తులో దాక్కుంటాయి.

మూడోదాని మీద నీకు మోజు ఎక్కువుందని తెలుస్తూనే ఉంది. అది చెడ్డది కాదు. 200% స్కేల్ దగ్గర 1440×900 జాగా ఇస్తుంది, అక్షరాలు అచ్చు పుస్తకంలా ఉంటాయి. నల్లరంగు నిజంగా నల్లగా ఉంటుంది. నువ్వు డిజైన్ కోర్సో, ఫోటోగ్రఫీయో చదువుతుంటే అదే కొనమనేవాణ్ణి. లైనక్స్ వాడతానన్నావు, దానికి 200% అనే పూర్ణసంఖ్య స్కేల్ చక్కగా కుదురుతుంది. 125% లాంటి భిన్నాల దగ్గర కొన్ని పాత ప్రోగ్రాములు మసకగా కనపడతాయి. అది మూడోదానికి నిఖార్సైన ఒక మార్కు. అయితే జాగా లెక్కలో 1536×960 ఇచ్చే రెండోదే గెలుస్తుంది. పైగా 2880×1800 అంటే 1920×1080కి రెండున్నర రెట్ల పిక్సెల్స్, వాటన్నిటినీ నెట్టడానికి బ్యాటరీ ఖర్చవుతుంది. క్లాసులో బెంచీ బెంచీకి ప్లగ్ పాయింట్ ఉండదు. తెల్లటి పీడీఎఫ్ పేజీలు రోజంతా తెరిచి ఉంచడం ఓఎల్ఈడీకి అన్నిటికంటే ఖర్చైన పని. అద్దంలా మెరిసే స్క్రీన్ అయితే వెనక ట్యూబ్‌లైటు అక్షరాల మీదే కూర్చుంటుంది. కొన్ని ఓఎల్ఈడీలు వెలుతురు తగ్గించినప్పుడు వేగంగా ఆరి వెలుగుతూ ఉంటాయి, దానికి కొందరికి తలనొప్పి వస్తుంది. నువ్వు రాత్రిపూట చదివేదానివి కాబట్టి కొనేముందు ఒక పావుగంట తక్కువ వెలుతురులో చదివి చూడు. అన్నీ చూశాక కూడా అదే కావాలనిపిస్తే కొనుక్కో, టాస్క్‌బార్ దానంతటదే దాక్కునేలా పెట్టుకో. ఏళ్ల తరబడి ఒకేచోట కదలకుండా ఉన్న బొమ్మ ఓఎల్ఈడీ మీద ముద్రపడుతుంది.

ఇప్పుడు షరతు. రిజల్యూషన్ (పిక్సెల్స్ లెక్క) మంచిదై ప్యానెల్ (స్క్రీన్ పలక) నాసిరకమైతే ఈ లెక్కలన్నీ దండగ. 1920×1200 అని గొప్పగా రాసి పక్కనే చిన్న అక్షరాల్లో ‘250 నిట్స్, 45% ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. నిట్స్ వెలుతురు కొలత, ఎన్‌టీఎస్‌సీ ఎన్ని రంగులు చూపగలదనే కొలత. 250 నిట్స్ అంటే కిటికీ పక్కన కూర్చుంటే స్క్రీన్‌లో నీ ముఖమే కనపడుతుంది. 45% అంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, గ్రాఫ్‌లో ఎరుపు గీతా నారింజ గీతా అన్నదమ్ముల్లా కనపడతాయి. ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు తిరగబడని రకం), కనీసం 300 నిట్స్ (400 అయితే మరీ మంచిది), 100% ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), మెరుపు లేని మ్యాట్ స్క్రీన్, ఈ నాలుగూ ఉంటేనే రెండోది తీసుకో. లేకపోతే మంచి ప్యానెల్ ఉన్న 1920×1080 దానికంటే నయం. ఒకే సిరీస్ పేరుతో నాలుగైదు రకాల ప్యానెల్స్ అమ్ముతారు. డబ్బా మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరాలతో సహా, కంపెనీ సైట్‌లో కొట్టి చూడాలి. సిరీస్ పేరు చూసి కొంటే వేరే స్క్రీన్ ఇంటికొస్తుంది.

షాపులో ఏం చేయాలంటే: ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి రిజల్యూషన్, స్కేల్ చూడు. డెమో పీసుల్లో ఎవరో మార్చేసి ఉంటారు, పక్కన ‘రికమెండెడ్’ అని ఉన్నదే అసలు రిజల్యూషన్. స్కేల్ 125% పెట్టు. వెలుతురు పూర్తిగా పెంచి, బ్రౌజర్‌లో కంట్రోల్, సున్నా కలిపి నొక్కి జూమ్ 100%కి తెచ్చి ఒక తెలుగు వార్తల సైటు తెరువు. మూర పైన దూరం పెట్టి చదువు. తర్వాత మూతను వెనక్కీ ముందుకీ వంచు. పక్కనుంచి చూడు. రంగులు తిరగబడితే అది చౌకరకం టీఎన్ ప్యానెల్, అక్కడితో ఆపెయ్యి. ఇంటికి తెచ్చిన రోజే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటీ స్క్రీన్ నిండా తెరిచి చచ్చిన చుక్కలున్నాయేమో వెతుకు. తిరిగి ఇచ్చే గడువు దాటాక ఒకటి రెండు చుక్కలకి చాలా కంపెనీలు ప్యానెల్ మార్చవు.

ల్యాబ్‌లో వాడే పాత సాఫ్ట్‌వేర్‌తో చిన్న తంటా ఉంటుంది. కొన్ని మసకగా కనపడతాయి. జావా 8 మీద నడిచే కొన్నిటిలో ఐకాన్లు ఆవగింజలంత అవుతాయి. హై రిజల్యూషన్‌ని పట్టించుకోవడం జావా 9లోనే మొదలైంది మరి. ఆ ప్రోగ్రాం మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటబిలిటీ, ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ తెరిచి, ఓవర్‌రైడ్ గడిలో టిక్ పెట్టి, మసకగా ఉంటే ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’, చిన్నగా ఉంటే ‘సిస్టమ్’ ఎంచుకో. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవాలి. స్కేల్ ఎంత పెద్దదైతే ఈ తంటా అంత ఎక్కువ కనపడుతుంది, 125% దగ్గర చాలావరకు సర్దుకుంటుంది.

సెమినార్ రోజు ఇంకో చిక్కు. క్లాసు ప్రొజెక్టర్ 1024×768దో, 1280×800దో అయితే, డూప్లికేట్ పెట్టగానే నీ స్క్రీన్ కూడా దాని స్థాయికి దిగిపోయి అక్షరాలు సాగిపోతాయి. విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకో. స్లయిడ్లు అటు, నీ నోట్స్ ఇటు ఉంటాయి. కొనబోయే దానికి హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో కూడా చూసుకో, పాత గదుల్లో వీజీఏ తీగ ఒక్కటే వేలాడుతుంటే దానికి మార్పిడి ముక్క ఒకటి బ్యాగులో ఉండాలి.

నీకు నిజంగా జాగానే కావాలంటే అది ల్యాప్‌టాప్‌లో దొరకదు. మూడోదానికి పెట్టబోయే అదనపు డబ్బు దాచి, రెండో సంవత్సరంలో హాస్టల్ గదికి 24 అంగుళాల 1920×1080 మానిటర్ కొనుక్కో. దాని పీపీఐ 92 మాత్రమే, కానీ దూరంగా ఉంటుంది కాబట్టి 100% స్కేల్ మీదే నడుస్తుంది. అప్పుడు 1920×1080 మొత్తం నీదే, మూడోది ఇచ్చే 1440×900 కంటే చాలా ఎక్కువ. వెడల్పు కూడా సగానికి సగం 960 చొప్పున వస్తుంది, రెండు పీడీఎఫ్‌లు పక్కపక్కన చదువుకోవచ్చు. 27 అంగుళాలకి వెళ్తే మాత్రం 2560×1440 ఉన్నదే తీసుకో, ఆ సైజులో 1080 అయితే చుక్కలు ముళ్లలా కనపడతాయి.

శనివారం షాపుకి వెళ్తున్నావట. డబ్బా మీద మోడల్ నంబరున్న వైపు ఫోటో తీసి నాకు పంపు. నేను కంపెనీ పేజీలో నిట్స్ చూసి సరే అనేదాకా డబ్బు కట్టకు.

ఇట్లు,
మామయ్య