ఆరేళ్ళు ఇన్సులిన్ సిగ్నలింగ్ మీద పనిచేసినవారికి షుగర్ గురించి కొత్తగా తెలిసేది ఏమిటి?

ప్రశ్న అడిగినవారు నిజానికి రెండు అడిగారు. ఇన్సులిన్ కబురు కణం లోపలికి ఎలా చేరుతుందో చూసే ఈ పరిశోధన చేసేవాళ్ళు రోజంతా ఏం చేస్తారు, దానివల్ల షుగర్ ఉన్నవాళ్ళకు ఒరిగేది ఏమైనా ఉందా అని. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఆరేళ్ళు ఇదే పని చేశాను కాబట్టి మొదటిదానికి ధైర్యంగా చెబుతాను. రెండోదానికీ చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు.

ముందు ఒక మనవి. జీవరసాయన శాస్త్రంలో పిహెచ్‌డి చేసినవాళ్ళు వైద్యులు కారు. మా బంధువుల పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చున్నాక రక్తపరీక్ష కాగితాలు బయటికి తీస్తారు. "మన అమ్మాయి ఇన్సులిన్ డాక్టరేనండీ, చూపించండి" అని మా పిన్ని నలుగురికీ చెబుతుంది. ఆరేళ్ళలో నేను ఒక్క మనిషికి కూడా సూది వేయలేదు. నేను ఇన్సులిన్ ఇచ్చింది ఎల్6 అనే కణాలకు. ఎప్పుడో ఎలుక కండరం నుంచి తీసి, దశాబ్దాలుగా ప్రపంచమంతా ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచుకుంటూ వస్తున్న కణాలు అవి. కొన్ని గంటలు పస్తు ఉంచి, ఇన్సులిన్ పోసి, గడియారం చూసుకుని సరిగ్గా పది నిమిషాలకు మంచు మీద పెట్టి చంపేస్తాం. తర్వాత లోపల ఏకేటీ అనే ప్రోటీనుకు ఫాస్ఫేట్ అనే చిన్న ఫాస్ఫరస్ ముక్క అంటుకుందా లేదా అని వెతుకుతాం. అంటుకుంటే ఇన్సులిన్ మాట కణం విన్నట్టు, లేకపోతే విననట్టు. రోజంతా చేసేది ఇదే.

పత్రికల ఆరోగ్య శీర్షికల్లో "ఇన్సులిన్ ఒక తాళంచెవి, కణం ఒక తాళం" అని రాస్తారు చూడండి, అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తాళంచెవి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, కథ అయిపోతుంది. ఇక్కడ కథ మొదలయ్యేదే అక్కడ. ఇన్సులిన్ గడప బయట నిలబడి పిలుస్తుంది, అంతే. దాన్ని అందుకునే గ్రాహకం లోపలివైపు తనకు తానే ఫాస్ఫేట్లు తగిలించుకుంటుందని 1982లో అమెరికాలో కసుగా, కాన్ బృందం చూపించింది. ఆ తర్వాత ఒక ప్రోటీను ఇంకొకదాన్ని తట్టిలేపుతూ, కబురు ఏకేటీ దాకా వస్తుంది. అప్పుడు గ్లూట్-4 అనే వాహకాలు కణం లోపలి సంచుల్లోంచి పైకి వచ్చి గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. మధ్యలో ఏ ఒక్కరు నిద్రపోయినా కబురు ఆగిపోతుంది.

ఆ ఫాస్ఫేట్లన్నీ కణాల్లో శక్తిని మోసే ఎటిపి అనే అణువు నుంచే వస్తాయి. 1929లో ఎటిపిని కనుక్కున్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. దానికి నాలుగేళ్ళ ముందు తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తయారుచేశారు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఆ నీలిరంగు రావడం కోసం పరీక్షనాళిక పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో! ఆ రికార్డు పుస్తకం ఇంకా దాచుకున్నాను. ఆ నీలిరంగుకూ తర్వాత నేను ఆరేళ్ళు వెతికినదానికీ చుట్టరికం ఉందని అప్పుడు ఒక్క మాస్టారూ చెప్పలేదు. సుబ్బారావు పేరు మాత్రం ఒక మార్కు ప్రశ్నగా వచ్చింది.

ఇక నా నాలుగో సంవత్సరం సంగతి. కొన్ని గిన్నెలకు పామిటేట్ అనే కొవ్వు ఆమ్లం పెట్టాను. మనం వాడే పామాయిల్‌లో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం అది. కొవ్వు మేసిన కండరానికి ఇన్సులిన్ పిలుపు వినిపించదని చూపించాలి. తేలికే అనుకున్నాను. మూడు నెలలపాటు ప్రతి బ్లాట్ (కణాల ప్రోటీన్లను అంటించిన పలుచటి పొర) మీదా బూడిదరంగు పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఇన్సులిన్ పోయని గిన్నెలోనూ పొగే, పోసిన గిన్నెలోనూ పొగే. ఇన్సులిన్ పాతబడిందేమో అని కొత్తది తెప్పించాను. ఫాస్ఫేట్ అంటుకున్న ఏకేటీని పట్టి చూపించే యాంటీబాడీ విదేశం నుంచి రావాలి, అది మే నెలలో వచ్చింది. పెట్టెలో ఐస్ మొత్తం కరిగి నీళ్ళయింది, బిల్లు మాత్రం నా రెండు నెలల ఫెలోషిప్పు కంటే ఎక్కువ. ఆ ఫెలోషిప్పు కూడా ఏడు నెలలుగా రాలేదు, అది వేరే ఏడుపు. మా గైడు సారు వారానికోసారి వచ్చి పొగను చూసి "ఊఁ" అని వెళ్ళేవారు.

అప్పుడు కొత్తగా చేరిన ఒక జూనియర్ నా పక్కన నిలబడి చూస్తోంది. నేను గిన్నెలో పాలపొడి కలుపుతున్నాను. బ్లాట్ మీద ఖాళీ జాగాలకు యాంటీబాడీ అంటుకోకుండా ముందు దాన్ని పాలలో నానబెడతాం. మా ల్యాబ్‌లో అందరం పాలే వాడేవాళ్ళం, చౌక కదా.

"అక్కా, పాలలో కేసీన్ ఉంటుంది కదా?"

"ఉంటే?"

"దానికి నిండా ఫాస్ఫేట్లే కదక్కా. మీరు వెతికేది కూడా ఫాస్ఫేట్‌నే."

నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. గడ్డివాములో సూది వెతుకుతూ, మీద ఇంకో నాలుగు బస్తాల సూదులు నేనే పోస్తున్నాను. యాంటీబాడీతో వచ్చిన కాగితం తీసి చూస్తే, పాలు వద్దు, ఆల్బుమిన్ అనే వేరే ప్రోటీను వాడండి అని రెండో పేరాలోనే ఉంది. అన్ని యాంటీబాడీలకూ పాలు అడ్డు కావు, నా ఖర్మకొద్దీ నాదానికి అయ్యాయి. ఆ సాయంత్రమే ఆల్బుమిన్‌తో మళ్ళీ చేశాను. రాత్రి పదకొండున్నరకు డార్క్ రూమ్‌లో ఎర్రదీపం కింద ఫిల్మ్ మీద గీతలు ఒక్కొక్కటే తేలాయి. ఇన్సులిన్ పోయనిచోట శుభ్రంగా ఖాళీ. పోసినచోట కాటుక దిద్దినట్టు నల్లటి గీత. పామిటేట్ తిన్నచోట, అదే ఇన్సులిన్, అదే పది నిమిషాలు, ఉందా లేదా అన్నంత పలుచగా.

టైప్ 2 షుగర్ మొదలయ్యేది ఇలాగే. ఇన్సులిన్ లేక కాదు, వినేవాళ్ళు లేక. ఇది నేను కనుక్కున్నదేమీ కాదు. 1960 ప్రాంతంలో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను మొదటిసారి సరిగ్గా కొలిచినప్పుడే, పెద్దవయసులో షుగర్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ పుష్కలంగా ఉందని తేలింది. అంతకుముందు వాళ్ళ పరిశోధన వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపితే, యాలో ఆ లేఖను దాచి ఉంచి 1977లో నోబెల్ ఉపన్యాసంలో చూపించారు. నా దగ్గర కూడా అలాంటి లేఖలు మూడున్నాయి. చూపించే సందర్భమే రావడం లేదు.

మా అమ్మకు షుగర్ వచ్చి పదకొండేళ్ళు. ఈ గొలుసంతా ఒకరోజు ఆవిడకు వివరించాను. బీరకాయ చెక్కు తీస్తూ విని, "అంటే మీ నాన్న పేపరు చదువుతున్నప్పుడు పిలిచినట్టు అన్నమాట. మొదట మామూలుగా పిలుస్తాను, తర్వాత అరుస్తాను, చివరికి నా గొంతే పోతుంది" అంది. క్లోమం చేసేది అచ్చంగా అదే. కణాలు వినకపోతే ఇంకా ఇంకా ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, ఏళ్ళు గడిచాక దాని గొంతు బొంగురుపోతుంది. తాళంచెవి కథ రాసేవాళ్ళు మా అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

మరి ఉపయోగం? నా థీసిస్‌లోంచి ఒక్క మాత్ర కూడా రాలేదు. ఈ గొలుసును మధ్యలో అడ్డుకునే అల్పెలిసిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, దాన్ని వాడేవాళ్ళలో చాలామందికి చక్కెర పెరుగుతుంది. గొలుసు తెంపితే ఏమవుతుందో చూపించడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తెగినదాన్ని అతికించడమే కష్టం. కాకరకాయ పొడితో నలభై రోజుల్లో అతికిస్తామని వాట్సాప్‌లో పంపేవాళ్ళను మాత్రం నా ల్యాబ్‌లో ఒక్క వారం కూర్చోబెట్టాలని ఉంది.

ఒక్కటి చెబుతాను. కండరం కదిలినప్పుడు గ్లూట్-4 ఇన్సులిన్ పిలుపు లేకుండానే పైకి వస్తుంది. వేరే దారి అది, పెరటి దారి. ముందు వాకిలి మూసుకున్నా ఇది చాలావరకు తెరిచే ఉంటుంది. అందుకే మందులు యథాతథంగా వేసుకుంటూనే, రాత్రి భోజనం కాగానే పావుగంట నడవమని అమ్మ వెంటపడ్డాను. నడిచిన రోజుల్లో రెండు గంటల తర్వాతి అంకె నడవని రోజులకంటే ముప్ఫై, నలభై తక్కువ వచ్చింది. ఒక్క అమ్మ, ఒక్క గ్లూకోమీటరు, పదకొండు రోజులు. రివ్యూయరునైతే నేనే చెత్తబుట్టలో వేసేదాన్ని. అయినా నాకు ఆరేళ్ళ బ్లాట్ల మీద కంటే ఆ పదకొండు అంకెల మీదే నమ్మకం ఎక్కువ.

నిన్న రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తే, "వరండాలో ఇంకా ఆరు చుట్లు ఉన్నాయి, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది.