మడమ సరే, ముందు నడుం సంగతి చూడండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. అంబాజీపేట దగ్గర కొబ్బరితోట ఉంది. దింపు కూలీ రాకపోవడంతో నేనే వెదురు నిచ్చెన వేసుకుని ఎండుమట్టలు కొడుతూ పది అడుగుల ఎత్తు నుంచి పడ్డాను. కాళ్ల మీదే పడ్డాను. నాలుగు రోజులైంది. ఎడమ మడమ వాచింది, నడుం పట్టేసింది. ఆర్‌ఎంపీ గారు రోజూ నొప్పి ఇంజెక్షన్ చేస్తున్నారు. నిన్నటి నుంచి మూత్రం సరిగా రావట్లేదు, వేడి చేసిందేమోనని కొబ్బరినీళ్లు తాగుతున్నాను. బీపీ మాత్ర వాడతాను. మడమకు పసరు కట్టు వేయించవచ్చా? అల్యూమినియం నిచ్చెన కొంటే మంచిదా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మీరు కట్టు గురించి, నిచ్చెన గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో రాసేసిన మూత్రం సంగతి. ఇది పోర్టల్‌లో వచ్చేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేయమని డెస్క్ వారికి చెప్పాను.

ఎత్తు నుంచి కాళ్ల మీద పడితే ఆ దెబ్బ మడమతో ఆగదు, నడుం పూసల దాకా పోతుంది. మడమ ఎముక విరిగినవారిలో దాదాపు 10 శాతం మందికి నడుం పూస కూడా విరిగి ఉంటుంది. ఆ పూస నరాలను నొక్కితే మూత్రం బిగుసుకుపోతుంది. మీ వయసులో ప్రొస్టేట్ వల్లా కావచ్చు, ఇంజెక్షన్ల వల్ల కిడ్నీ మీద భారం పడీ కావచ్చు. చూడకుండా ఇదే అని చెప్పలేను. కానీ పడ్డాక మొదలైంది కాబట్టి ముందు నడుమునే అనుమానించాలి. కూర్చునే చోట మొద్దుబారినట్టుందా? కాళ్లలో పట్టు తగ్గిందా? అవునన్నా కాదన్నా ఈ రోజే ఎమ్మారై, స్పైన్ సర్జన్ ఉన్న చోటికి, కాకినాడకో రాజమండ్రికో వెళ్లండి. బైక్ వెనక కూర్చుని కాదు, 108లో పడుకుని.

ఇక ఆ ఇంజెక్షన్లు. ఎక్స్‌రే లేకుండా నాలుగు రోజులు నొప్పిని అణిచిపెట్టడం నాకు అస్సలు నచ్చని పని. నొప్పి తగ్గింది కదా అని మీరు విరిగిన మడమ మీదే తిరుగుతూ ఉండొచ్చు. పైగా బీపీ ఉన్నవారికి ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. వాచిన మడమకు పసరు కట్టు బిగిస్తే చర్మం బొబ్బలెక్కుతుంది, తర్వాత ఆపరేషన్ కావాల్సొస్తే అదో తలనొప్పి. కట్టు వద్దు.

ఇంకో మాట, మీరు రాయలేదు. కాలు జారి పడ్డారా, కళ్లు తిరిగి పడ్డారా? తల పైకెత్తి పనిచేసేటప్పుడు తూలినట్టయితే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. కొన్ని బీపీ, ప్రొస్టేట్ మాత్రలకు అలా అవుతుంది. అలాగని మాత్ర మీ అంతట మీరు మానేయకండి. తలకు దెబ్బ తగిలినా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా అదీ చెప్పాలి.

నిచ్చెన సంగతికొస్తే, తోట మీదుగా కరెంటు తీగలుంటే అల్యూమినియం వద్దు. తడిసిన వెదురూ షాక్ కొడుతుంది. మన నేల వానకు మెత్తబడితే నిచ్చెన ఒక కాలు దిగబడుతుంది, కింద వెడల్పాటి చెక్క వేయాలి. కొబ్బరి మాను గుండ్రం కాబట్టి పైభాగం పక్కకు తిరిగిపోతుంది, తాడుతో కట్టాలి, కట్టేదాకా కింద ఒకరు పట్టుకోవాలి. 12 అడుగుల ఎత్తున ఆనితే నిచ్చెన కాళ్లు మానుకు 3 అడుగుల దూరంలో ఉండాలి. ఒక చేత్తో కత్తి పట్టుకుని పక్కకు వంగి అందుకోవడం ఎవరికైనా ప్రమాదమే. ఈ వయసులో మీకెందుకండీ, దింపు కూలీ మర్నాడు వచ్చేవాడు కదా!