తాత్పర్యానికి తొందరపడకు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యూనివర్సిటీ లైబ్రరీలో కొత్తగా పెడుతున్న బుక్ క్లబ్బు నీ నెత్తిన పడిందనీ, నవలలు చదివే తీరిక ఎవరికీ లేదు కాబట్టి కవిత్వంతో మొదలుపెడదామంటున్నారనీ రాశావు. కవిత్వమైతే తొందరగా అయిపోతుందని ఎవరన్నారో గానీ, వాళ్లు ఒక్క పద్యాన్నైనా పదిమందితో కూర్చుని చదివి ఉండరు. అయినా మంచి నిర్ణయమే. "టెన్షన్‌గా ఉంది మామయ్యా, నేను తెలుగు ఎం.ఏ. కూడా కాదు" అన్నావు చూడు, అది నీకు కలిసొచ్చే సంగతి.

ఎందుకంటావా? మనందరికీ బళ్లో పద్యం ఎలా పరిచయమైంది? పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం. మార్కులన్నీ తాత్పర్యానికి. అందుకే పద్యం వినపడగానే "కవి ఇక్కడ ఏం చెప్పాడంటే" అని అందుకోవడం మనకి అలవాటైపోయింది. ఆ మాట ఒకసారి గదిలో పడిందంటే చర్చ అక్కడితో సరి. ఒకరు చెప్తారు, మిగతావాళ్లు తలాడిస్తారు. సాహిత్యం బాగా చదువుకున్నవాళ్లు నడిపేచోట ఈ బెడద మరీ ఎక్కువ, తెలిసింది చెప్పకుండా నోరు కట్టుకోవడం కష్టం కదా. నీకు తెలియదు కాబట్టి నువ్వు అడుగుతావు. నడిపేవాళ్ల పని అంతకంటే పెద్దదేం కాదు.

ఏర్పాట్ల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎనిమిది నుంచి పన్నెండుమంది చాలు, ఇరవై దాటితే అది సభ అవుతుంది. రెండు వారాలకోసారి, గంటా పావు. రీడింగ్ హాల్లో వద్దు, గొంతెత్తి చదవలేరు, తలుపు వేసుకునే గది అడుగు. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి. మైకు, వేదిక, ముఖ్య అతిథి ఈ మూడింటిలో ఏది వచ్చినా మీ క్లబ్బు క్లబ్బుగా మిగలదు. చదివేది ఒక్క పేజీకి మించకూడదు. అందరి చేతిలోనూ ఒకే ప్రింటు ఉండాలి, పెద్ద అక్షరాలతో, పక్కన పాదాల నంబర్లు వేసి. ఫోన్లో చూసుకుంటామంటారు, ఒప్పుకోకు. ఒక్కొక్కరి స్క్రీన్లో లైను ఒక్కోచోట విరుగుతుంది, వచన కవితలో లైను ఎక్కడ విరిగిందన్నదే సగం కవిత.

ఇక అసలు సంగతి, గొంతెత్తి చదవడం. ప్రతి కవితా రెండుసార్లు వినపడాలి, రెండు వేరువేరు గొంతుల్లో. పద్యమైతే మొదటిసారి నడక కోసం, రెండోసారి అన్వయం కోసం, అంటే ఏ మాట దేనితో కలుస్తుందో తెలియడానికి. తేడా చూపిస్తాను. పోతన గజేంద్రమోక్షంలోని పద్యం, నీకూ నోటికి వచ్చే ఉంటుంది:

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్న ప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యన గుయ్యాలించి సంరంభియై

ఇది మత్తేభం. పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం దగ్గర యతి. ఆ లెక్క ఎవరూ కంఠతా పట్టక్కర్లేదు. పాదం చివర ఒక్క క్షణం ఆగి చదవమను చాలు. అల, పల, త్పల, హ్వల అని ప్రతి పాదంలోనూ రెండో అక్షరం "ల" వచ్చి చెవికి తగులుతుంది. ప్రాస అంటే ఏమిటో పాఠం చెప్పకుండానే తెలుస్తుంది. రెండోసారి మరొకరు పాదాల చివర ఆగకుండా చదవాలి. "దా" అని ఆగి "పల" అని ఎత్తుకోకుండా "సౌధంబు దాపల" అని కలిపి. అప్పుడు మనిషి నడిచి వెళ్తున్నట్టు దారి కనపడుతుంది. ముందు వైకుంఠం, అందులో నగరు, ఆ మూల మేడ, దాని పక్కన మందారవనం, లోపల అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిలల అరుగు మీద కలువపూల పాన్పు, దాని మీద ఆయన, విష్ణుమూర్తి.

ఈ పద్యం మా లైబ్రరీలో చదివినరోజు ఒక సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు చెయ్యెత్తి, "సార్, వాక్యం పూర్తవలేదు కదా, సంరంభియై, అంటే వేగిరపడి, ఏం చేశాడు?" అన్నాడు. పద్యం చిన్నప్పట్నుంచీ వచ్చిన వాళ్లం అంతమందిమి ఉన్నాం, ఒక్కళ్లకీ ఆ ప్రశ్న తట్టలేదు. సరే, తర్వాతి పద్యం చూద్దామన్నాను. "సిరికిం జెప్పడు" అని మొదలవుతుంది. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ని సిద్ధం చేయించడు, చెవి మీదికి జారిన జుట్టు సర్దుకోడు, చివరికి సరసపు తగవులో పట్టుకున్న లక్ష్మి పైటచెంగు వదలడు. ఇదీ అంతే, బయల్దేరాడన్న మాట ఇందులోనూ లేదు. ఇంతలో ఒకమ్మాయి, "మొదటి అయిదూ చెయ్యడం మర్చిపోయినవి, ఆరోది మానడం మర్చిపోయింది" అంది. మూడో పద్యానికి వెళ్తే అక్కడ దొరికింది క్రియ, "వచ్చిరి" అని. అయితే అది ఆయనది కాదు, వెనకాల పరుగులు పెడుతున్న వాళ్లది. ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు! గంటసేపట్లో "భక్తుణ్ని భగవంతుడు కాపాడుతాడు" అన్న తాత్పర్యం ఎవరి నోటా రాలేదు. రావలసిన అవసరం పడలేదు.

కాబట్టి నీ చేతిలో ఉండాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఏ పాదంలో?" ఎవరేం అన్నా నవ్వుతూ ఇదే అడుగు. "కవి సమాజాన్ని ఎండగట్టాడండీ" అంటారు. ఏ లైన్లో? "చాలా ఆర్ద్రంగా ఉంది." ఎక్కడ? మొదట్లో కాస్త ఇబ్బంది పడతారు. మూడోసారి కలిసేసరికి లైను చూపించి మాట్లాడటం వాళ్లకే అలవాటవుతుంది. "ఎలా ఉంది?" అని మాత్రం అడగొద్దు, "బాగుంది" తప్ప జవాబు రాదు. దాని బదులు, మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో? ఎక్కడ స్వరం మారింది? ఒక లైను తీసెయ్యమంటే ఏది తీసేస్తావు? ఇలాంటివి అడుగు. ఆ చివరిదానికి కొట్టుకుంటారు, చూస్తూ ఉండు.

చదవడం అయ్యాక గది నిశ్శబ్దంగా ఉంటుంది. కొత్తలో అందరికీ అదే భయం, వెంటనే ఏదో ఒకటి మాట్లాడేస్తారు. నువ్వు మనసులో ముప్పై లెక్కపెట్టు. ఆ తర్వాత కూడా ఎవరూ నోరు విప్పకపోతే, ఒక్కొక్కరూ తమకి తగిలిన ఒక్క మాట చదవాలి, కారణం చెప్పక్కర్లేదు అను. నోట్లోంచి మాట రానివాళ్లు కూడా ఆ ఒక్క మాట చదువుతారు, అప్పటికి గొంతు విడుతుంది.

కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు ఒక పని చేశాడు. కవుల పేర్లు తీసేసి కవితలు విద్యార్థుల చేతిలో పెట్టి, ఏమనిపిస్తే అది రాసిమ్మన్నాడు. అలా పదమూడు కవితల మీద వచ్చిన రాతలతో 1929లో పుస్తకం వేశాడు. పేరు లేకపోయేసరికి పెద్ద కవుల్ని తీసిపారేసినవాళ్లున్నారు, సాదా కవితని నెత్తిన పెట్టుకున్నవాళ్లున్నారు. కవితలో ఉన్నది వదిలేసి తమకి గుర్తొచ్చిన సొంత సంగతుల్ని అందులో చదువుకున్నవాళ్లకైతే లెక్కలేదు. అప్పుడప్పుడు మీరూ పేరు తీసేసి ఇవ్వండి. పేరు కనపడితే మనవాళ్లు కవితని వదిలి కవి జీవితం అందుకుంటారు. పుట్టిన ఊరు, ఉద్యమం, అవార్డులు అయ్యేసరికి గంట అయిపోతుంది. అయితే ప్రతిసారీ అలా చెయ్యకు, కొన్ని కవితలకి పేరు తప్పనిసరి. జాషువా గబ్బిలం తీసుకో, 1941 నాటిది. అంటరానివాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకి లేని గుడి ప్రవేశం దానికి ఉంది మరి. రాసినవాడు ఎవరో, ఏ కాలంలో రాశాడో తెలియకుండా అది చదివి ఏం లాభం?

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఇది మటుకు గట్టిగా పట్టుకో. కులం గురించిన కవిత పెట్టినరోజు దళిత విద్యార్థి వైపు తిరిగి "నీ అనుభవం చెప్పమ్మా" అనకూడదు. స్త్రీల కవిత వచ్చినరోజు ఆడపిల్లల వైపు చూడకూడదు. వాళ్లు కవిత చదవడానికి వచ్చారు, సాక్ష్యం చెప్పడానికి కాదు. వాళ్లంతట వాళ్లు చెప్తే విను. ఇంకెవరైనా అలా అడిగితే నువ్వే అడ్డుపడి మళ్లీ కాగితం దగ్గరికి తీసుకురా. వాదన వేడెక్కితే భయపడకు, ఆపకు కూడా. "ఏ పాదంలో?" అని అడుగు.

మనుషుల విషయానికొస్తే, వేల పద్యాలు నోటికి వచ్చినాయన ఒకరు తప్పకుండా తగులుతారు. ఈ పద్యం ఎత్తుకోగానే దీనిలాంటివి నాలుగు అందుకుంటారు. ఆయన్ని దూరం చేసుకోకు, మొదటిసారి చదివే పని ఆయనకే అప్పజెప్పు. గొంతు తృప్తి తీరితే తర్వాత నెమ్మదిస్తారు. ప్రొఫెసర్లు వస్తామంటే రమ్మను. కాకపోతే వాళ్ల మాట అందరిదీ అయ్యాక, ఆఖరున. ఈ సంగతి ముందే, విడిగా, మర్యాదగా చెప్పు, అందరి ముందూ కాదు. అర్థం తెలియని మాట వస్తే ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగకండి, బల్ల మీద నిఘంటువు పెట్టుకోండి. 1885 నాటి శబ్దరత్నాకరం పద్యకావ్యాలకి ఇప్పటికీ పనికొస్తుంది. మీ లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్లోనే ఉంటుంది, ఆ పూటకి గదిలోకి తెచ్చుకోనివ్వమని అడుగు.

కొన్నాళ్లకి సభ్యులు తమ సొంత కవితలు పట్టుకొస్తారు. దీనికి మాత్రం కచ్చితంగా ఉండు. రాసినవాడు ఎదురుగా కూర్చుంటే ఎవరూ నిజం చెప్పరు, చెప్తే మనసు నొచ్చుకుంటుంది. సొంత కవితలకి వేరే రోజు పెట్టండి, ఆ రోజు పద్ధతులూ వేరే. రెండూ కలిపిన క్లబ్బులు కవిసమ్మేళనాలుగా మారిపోవడం చాలా చూశాను, తన వంతు అయిపోగానే లేచి వెళ్లిపోయేవాళ్లతో సహా.

ఛందస్సు చెప్పమని ఎవరైనా అడిగితే గణాలతో మొదలెట్టకు. గురజాడ "దేశమును ప్రేమించుమన్నా" తీసుకుని చప్పట్లు కొట్టించు. దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మూడు, నాలుగు. ముత్యాల సరం అనే ఆ ఛందస్సు నడక చేతిలోకి వచ్చేస్తుంది. 1910లో ఆయన ఈ నడక పట్టుకొచ్చాక తెలుగు కవిత్వం ఎటు మళ్లిందో మాట్లాడుకోవడానికి తర్వాత బోలెడు టైం.

ఇది లైబ్రరీ క్లబ్బు అన్న సంగతి మర్చిపోవద్దు. అరల మధ్య కూర్చుని జిరాక్స్ కాగితాలు మాత్రమే చదివి వెళ్లిపోతే ఎలా? చివరి పది నిమిషాలు అందరూ లేచి పుస్తకాల అరలుండే స్టాక్‌లోకి వెళ్లండి. డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే తెలుగు సాహిత్యం 894.827, పక్కన 1 చేరిస్తే కవిత్వం. ఆ అరలో ఎవరికి వాళ్లు ఒక పుస్తకం తీసి, నిలబడే ఒక పేజీ చదవాలి. వచ్చేసారి చదవాల్సిన కవిత అక్కణ్నుంచే ఎంచుకోండి. ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలు అలా బయటికి వస్తాయి. పుస్తకాలున్నది వాడకానికే అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా రాశారు, లైబ్రేరియన్లని ఒప్పించడానికి ఆ మాట వాడుకో. మినిట్స్ రాయొద్దు. ఒక నోట్‌బుక్కులో తేదీ, కవిత, పుస్తకం కాల్ నంబరు (అరలో దాని చోటు చెప్పే నంబరు), ఆ రోజు తేలకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటి, అంతే. కొత్తగా చేరినవాళ్లకి ముందు ఆ నోట్‌బుక్కు చూపించు.

మొదటిసారికి ఏం పెట్టాలని అడిగావు. గజేంద్రమోక్షంలోని ఆ మూడు పద్యాలే పెట్టు. అందరికీ తెలిసినవి కావడమే మంచిది, తెలిసిందనుకున్నదాన్ని మళ్లీ చూడటం ఎలాగో మొదటిరోజే పట్టుబడుతుంది. రెండోసారికి పేరు తీసేసిన చిన్న వచన కవిత. ఆ తర్వాత ఎప్పుడైనా ఒకే కవితకి రెండు అనువాదాలు పక్కపక్కన.

మొదటిరోజు ఇరవైమంది వస్తే పొంగిపోకు. పరీక్షలు దగ్గరపడ్డాక నలుగురే మిగులుతారు. అలాంటప్పుడు క్యాన్సిల్ చెయ్యకు, ఒకసారి మానేస్తే మళ్లీ కూడటం కష్టం. పదిమందిలో చదవడానికి వీల్లేని పొడుగు కవితలు ఆ రోజుకని విడిగా పెట్టుకో. నలుగురు కాబట్టి తలా ఒక భాగం చదవొచ్చు. తేదీ ఖాయమయ్యాక రాయి, శబ్దరత్నాకరం గదిలోకి ఇవ్వనన్నారేమో కూడా రాయి.

మీ మామయ్య