గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేయాలంటే

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బదిలీ వచ్చింది, ఒప్పందం ప్రకారం ఇంకా 5 నెలలు ఆ ఇంట్లో ఉండాలి, ఇంటాయనతో ఎలా చెప్పాలో తోచక 3 వారాలుగా మథనపడుతున్నానని రాశావు. నీ బదిలీ కన్నా ఆ 3 వారాలే నాకు బాధ కలిగించాయి. ఇల్లు ఖాళీ కాబోతోందని ఆయనకు ఎంత ముందుగా తెలిస్తే కొత్తవాళ్లను వెతుక్కోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధే నీ చేతిలో ఉన్న బలం. దాన్ని నువ్వే కరిగించుకుంటున్నావు.

నేను 9 అద్దె ఇళ్లు మారాను. ఆ తర్వాత 20 ఏళ్లు మా పై వాటా అద్దెకిచ్చాను. అందుకే రెండు వైపుల సంగతీ చెప్పగలను.

ముందు ఒప్పందం తీసి చదువు. చివరి పేజీలో సంతకం పెట్టడం తప్ప లోపల ఏముందో చూసినవాళ్లను నేను పెద్దగా ఎరగను. గడువుకు ముందే వెళ్లవచ్చని, అందుకు ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలని ఎక్కడైనా రాసి ఉందా చూడు. ఉంటే నువ్వు బతిమాలవలసిన పనే లేదు. అది నీ హక్కు, చెప్పిన పద్ధతిలో నోటీసు ఇస్తే చాలు. కొన్ని ఒప్పందాల్లో మొదటి కొన్ని నెలలు కదలకూడదన్న షరతు ఉంటుంది, అది దాటావో లేదో కూడా చూసుకో. అసలు అలాంటి వాక్యమే లేకపోతే మాత్రం ‘నెల ముందు చెబితే సరిపోతుంది’ అనుకోవద్దు. గడువు రాసుకున్న ఒప్పందంలో మధ్యలో వెళ్లాలంటే మామూలుగా ఆయన ఒప్పుకోవాలి, లేదంటే మిగిలిన నెలల అద్దె నీ మీద పడే ప్రమాదం ఉంది. ఈ చట్టాలు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల యజమాని కూడా కొత్తవాళ్ల కోసం తగిన ప్రయత్నం చేయాల్సిందే, ఇల్లు ఊరికే ఖాళీగా పెట్టుకుని అద్దె అడగడం కుదరదు. మీ దగ్గర ఎలా ఉందో తెలిసిన వకీలును ఒక్కసారి అడిగితే మంచిది.

నీ స్నేహితురాలు కూడా సంతకం పెట్టిందన్నావు కదా. అయితే ఆమెతో ముందు మాట్లాడు. ఇద్దరి పేర్ల మీద ఉన్న ఒప్పందం నుంచి ఒక్కరే బయటపడటం అంత తేలిక కాదు, నువ్వు వెళ్లిపోతే అద్దె మొత్తం ఆ పిల్ల నెత్తిన పడవచ్చు. హామీ సంతకం పెట్టిన మీ బాబాయికి కూడా చెప్పు. మూడో మనిషి ద్వారా తెలిస్తే ఆయన నొచ్చుకుంటాడు.

ఇక ఇంటాయన మనసులో ఏముంటుందో చెబుతాను. నాకు అద్దెకున్నవాళ్లు ‘వెళ్లిపోతున్నాం’ అంటే నా గుండె జారేది వాళ్ల మీద ప్రేమతో కాదు. ఇల్లు ఎన్ని నెలలు ఖాళీగా పడి ఉంటుందో, వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో అన్న దిగులుతో. కాబట్టి నీ కష్టాలు ఏకరువు పెట్టకు, ఆయన దిగులుకు మందు పట్టుకెళ్లు. ‘కొత్తవాళ్లను వెతకడంలో నేను సాయం చేస్తాను, ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా తలుపు తీస్తాను, వాళ్లు చేరేదాకా అద్దె కడతాను, అయితే 2 నెలలకు మించకుండా’ అని చెప్పి చూడు. ఆ చివరి ముక్క మరిచిపోవద్దు. హద్దు లేకుండా ‘వాళ్లు చేరేదాకా’ అంటే ఆయన తీరిగ్గా వెతుకుతాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. నీకు 5 నెలల అద్దె బదులు 2 నెలలతో పోతుంది, ఆయనకు నష్టం ఉండకపోవచ్చు. చుట్టుపక్కల అద్దెలు పెరిగి ఉంటే లాభం కూడా. అడ్వాన్సు మొత్తం వదులుకుంటానని మాత్రం మొదటి మాటలోనే అనకు. నువ్వు తెచ్చిన మనిషిని ఒప్పుకోవడం, మానడం ఆయన ఇష్టం. ఆయనకు చెప్పకుండా ఎవరినో ఇంట్లో దింపి వెళ్లావంటే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టే.

బాకీ ఉంటే తీర్చాకే వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడు. కారణం ఉన్నదున్నట్టు చెప్పు. ఒకామె తల్లికి జబ్బని చెప్పి మా ఇల్లు ఖాళీ చేసింది, నెల తిరక్కుండా పక్క వీధిలో కనిపించింది. నిజం చెప్పి ఉంటే నేను అప్పుడూ ఒప్పుకునేదాన్నే. అలాగే ఇన్నాళ్లూ ఊసెత్తని కుళాయి కారుడు ఇప్పుడు ఎత్తకు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది. ఇల్లు నిజంగానే నివసించడానికి పనికిరాకుండా ఉంటే అది వేరే వ్యవహారం, దానికి దారీ వేరు.

మాట్లాడి వచ్చిన రోజే అనుకున్నవన్నీ రాసి ఆయనకు పంపు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. నా నాలుగో ఇంటి యజమాని నా మాటంతా విని ‘సరేలే అమ్మా, చూద్దాం’ అన్నాడు. నేను ‘సరే’ మాత్రం విన్నాను. సామాను సర్దుకుని, తాళాలు ఆయన తమ్ముడి చేతిలో పెట్టి వచ్చేశాను. అడ్వాన్సు అడగబోతే ‘నేను చూద్దామన్నాను, ఒప్పుకున్నానా?’ అన్నాడు. 2 నెలల అద్దె కోసుకున్నాడు. నా దగ్గర చూపించడానికి చీటీ ముక్క లేదు.

కాగితం పెద్దగా ఉండనక్కర్లేదు. ‘ఫలానా తేదీతో ఈ అద్దె ఒప్పందం ఇద్దరి అంగీకారంతో ముగుస్తుంది. అద్దె ఆ తేదీ వరకే. అడ్వాన్సు ఇంత, ఫలానా రోజులోగా తిరిగి ఇస్తారు. ఆపైన ఒకరికొకరం బాకీ లేము.’ కింద ఇద్దరి సంతకాలు, తేదీ. ఒప్పందంలో నీ స్నేహితురాలు కూడా ఉంది కనుక ఆమె సంతకం కూడా. ఆ కాగితం చేతికి వచ్చేదాకా కొత్త ఇంటికి డబ్బు కట్టకు.

‘అడ్వాన్సు ఉంది కదా, అందులో సర్దుకోమందాం’ అని చివరి నెలల అద్దె ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. ఆయన రాసి ఇస్తే తప్ప ఆ పని చేయకు. తాళాలు గుమ్మంలో పడేసి వెళ్లినంత మాత్రాన ఒప్పందం తెగదని కూడా గుర్తుంచుకో.

కాదంటే కోపం తెచ్చుకోకు, ఆ హక్కు ఆయనకు ఉండవచ్చు. ‘ఎలాగైతే మీకు ఇబ్బంది ఉండదో మీరే చెప్పండి’ అని అడుగు. ఒక నెల అద్దె ఒకేసారి అదనంగా అడిగితే, ఖాళీ ఇంటికి 5 నెలలు కట్టడంతో పోల్చి లెక్క వేసుకో.

వెళ్లే రోజు ఆయన్ని వెంటబెట్టుకుని గది గదీ తిరిగి ఫొటోలు తీయి. మీటరు రీడింగు రాసుకో, తాళాలు లెక్కపెట్టి ఇచ్చి రశీదు తీసుకో. అన్నట్టు, పోయినసారి నేను వచ్చినప్పుడు ముందు గదిలో నువ్వు కొట్టిన మేకులు 6 కనిపించాయి. ఇల్లు చూడటానికి ఎవరైనా వచ్చేలోపే ఆ రంధ్రాలు పూడ్పించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ