టీచరమ్మ జవాబులు: ‘ఏడిస్తే మళ్ళీ వస్తుందా?’

ప్రశ్న: టీచరమ్మా, నాకు 43 ఏళ్ళు. పుత్తూరులో జాకెట్లు కుడతాను. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ అని తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. కీమో, రేడియేషన్ అయిపోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు అది మళ్ళీ రాకుండా రోజూ టామోక్సిఫెన్ మాత్ర మింగతా ఉన్నా. ఇంట్లో అందరూ ‘పాజిటివ్‌గా ఉండు, ఏడిస్తే మళ్ళీ వస్తాది’ అంటారు. ఆ మాట వింటేనే ఏడుపొస్తాది. చక్కెర క్యాన్సర్‌కు మేత అని ఎవరో చెబితే అన్నం కూడా మానేసినా. లక్ష్మణఫలం ఆకు కషాయం తాగమంటా ఉన్నారు. మా అత్త నా గ్లాసు వేరే పెట్టింది. వారం నుంచి నడుం నొప్పి, అదేనేమో అని రాత్రిళ్ళు నిద్ర లేదు. నయమైతే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నా. ఎక్కొచ్చా?
— పేరు వద్దమ్మా, పుత్తూరు

జవాబు: ఏడువు, చెల్లెమ్మా. ఏడిస్తే క్యాన్సర్ తిరిగొస్తుందనడానికి రుజువేమీ లేదు. నాకు ఆపరేషనై పదకొండేళ్ళు. ఆ రోజుల్లో స్టాఫ్ రూములో అందరికంటే ముందు నేనే జోకులేసేదాన్ని, పక్కవాళ్ళ భయం పోవాలని. జీతం లేని అదనపు పీరియడ్ అది. తర్వాత మానేశాను. అయితే నెలల తరబడి నిద్ర లేక, తిండి సహించక, మిషను దగ్గర కూర్చోబుద్ధి కాకపోతే దాన్ని కూడా డాక్టరుకు చెప్పాలి. మనసుకు మాత్రలు రాస్తే టామోక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పు. కొన్ని మందులు దాని పని చెడగొడతాయి.

నడుం నొప్పి వారం రోజులదే కాబట్టి మిషను మీద వంగి కూర్చున్నదీ కావచ్చు. రెండు వారాలైనా తగ్గకపోతే, పడుకున్నా వదలకపోతే నీ క్యాన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్ళు. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, ఒంటికీ రెంటికీ అదుపు పోయినా అదే రోజు బయల్దేరాలి. ఉన్నది పుత్తూరాయె, కట్టు కట్టించుకోమని ఎవరో ఒకరు అనకపోరు. విరిగిన ఎముకలకు ఎక్కడెక్కడి జనమూ అక్కడికే వస్తారు, నాకూ తెలుసు. కానీ క్యాన్సర్ వచ్చిన మనిషి నడుమును స్కాన్ తీయకముందు ఎవరి చేతా నొక్కించకు, లాగించకు.

అన్నం మానితే క్యాన్సర్ ఎండిపోదు, నువ్వు ఎండిపోతావు. ఒంట్లోని ప్రతి కణానికీ చక్కెర కావాలి. నువ్వు మానేసినా ఒళ్ళు వేరే తిండి నుంచి తయారు చేసుకుంటుంది. బరువు పెరగకుండా చూసుకోవడం మాత్రం అవసరమే. సంగటి ముద్ద, పప్పు, ఆకుకూర, గుడ్డు, నువ్వు పుట్టినప్పటి నుంచి తింటున్నదే తిను. ఆకు కషాయాల జోలికి పోకు. ఇన్ని మందులు మోసిన కాలేయానికి కొత్త బరువెందుకు?

అత్తగారి గ్లాసు సంగతి. క్యాన్సర్ అంటుకోదు. ఈ ముక్క నువ్వు చెబితే వినరు. వచ్చే చెకప్‌కు ఆమెనే తోడు తీసుకుపోయి, డాక్టరు నోటితో చెప్పించు.

టామోక్సిఫెన్ సాధారణంగా అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు కూడా రాస్తారు. ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయని నీ అంతట నువ్వు ఆపకు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ముట్లాగిపోయాక మళ్ళీ ఎరుపు కనిపించినా వెంటనే చూపించుకోవాలి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మరవకు.

ఇక నీ ఎడమ చెయ్యి. గడ్డలు తీసిన వైపు చెయ్యి ఎప్పుడైనా వాయొచ్చు, ఏళ్ళ తర్వాత కూడా. కుట్టుపని మానక్కర్లేదు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుగు పెట్టుకో, ఇస్త్రీపెట్టె దగ్గర జాగ్రత్త. గోడ మీద వేళ్ళతో పాకించే వ్యాయామం నేర్పారు కదా, అది వదలొద్దు. చెయ్యి ఎర్రగా వేడెక్కి జ్వరం తగిలితే తెల్లారేదాకా ఆగొద్దు.

జాకెట్లు కుట్టేదానివి కాబట్టి ఒకటి చెబుతాను. తీసేసిన రొమ్ము చోట పెట్టుకోవడానికి బజారులో దొరికే సిలికాన్‌ది కొనడానికి ముందు ఏడాది పాటు నేను మెత్తటి సంచి కుట్టి, అంచుల్లో దూది, నడుమ గుప్పెడు ఆవాలు పోసి జాకెట్ లోపల జేబులో పెట్టుకున్నాను. బరువు లేకపోతే జాకెట్ పైకి జరిగిపోతుంది, భుజం ఒక పక్కకు వంగినట్టుంటుంది. వానలో తడిస్తే మొలకలొస్తాయని మా ఆయన ఎగతాళి చేసేవారు. నీ చేతిలో పనుంది, నాకంటే నీటుగా కుడతావు. ఇంకో ఆడమనిషి అడిగితే ఆమెకూ కుట్టి పెట్టు, డబ్బులు మాత్రం తీసుకో.

కొండ ఎక్కొచ్చు, ఇప్పుడే కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే గానీ నిట్రంగా ఉంటుంది. కీమోలో ఎక్కించే ఎర్ర మందు కొందరి గుండెను బలహీనం చేస్తుంది. ముందు గుండెకు ఎకో స్కాన్ తీయించుకుని డాక్టరు సరేనన్నాక, రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు నడవడం మొదలుపెట్టు. తర్వాత మెట్లు. నేను మొదటిసారి గాలిగోపురం దాకా ఎక్కి దిగి వచ్చేశాను. స్వామికి కోపమొచ్చినట్టు లేదు, మరుసటేడు మొత్తం ఎక్కాను.

మొక్కు మాట వస్తే ఒకటి గుర్తొస్తుంది. కీమోలో జుట్టంతా రాలిపోయి, గుండుతో మా తిరుపతి బైరాగిపట్టెడలో కూరగాయలకు వెళ్ళాను. వేరే ఊరైతే గుచ్చిగుచ్చి చూసేవాళ్ళు. ఇక్కడ కూరలమ్మ వంకాయలు తూస్తూ ‘కొండ ఎప్పుడు దిగినావక్కా?’ అంది. ‘నిన్ననే’ అన్నాను. ఆ ఆరు నెలలూ రోజూ నిన్ననే దిగాను.

ప్రశ్న: నా భార్యకూ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చెకప్ తేదీ దగ్గరపడితే చాలు, రాత్రుళ్ళు ఏడుస్తుంది. ధైర్యంగా ఉండమంటే కసురుకుంటుంది. ఏం చెప్పాలి?
— ఒక భర్త, చిత్తూరు

జవాబు: ఏమీ చెప్పకండి నాయనా. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ వారం ఎవరికైనా అంతే. చెకప్‌కు వేలూరు ఆసుపత్రికి పోయే బస్సులో నేను పదిహేడో ఎక్కం వెనక నుంచి చదువుకుంటూ పోయేదాన్ని, లెక్కల టీచరును కదా. మీరు ఆ రోజుకు సెలవు పెట్టండి. ఫైళ్ళ సంచి మీరు మోయండి. బీపీ చూడడానికి నర్సు వస్తే ఆపరేషన్ కాని వైపు చేతికి చూడమని మీరే చెప్పండి, పదిసార్లు చెప్పి ఆమెకు విసుగొచ్చి ఉంటుంది.