చిన్న కేబుల్ నెట్‌వర్క్‌కి రౌటర్‌లో ఫ్లో లెక్కలు అవసరమా?

"మాది కొన్ని వందల కనెక్షన్ల నెట్‌వర్క్. వాడకం ఎంతో గ్రాఫ్‌లో కనిపిస్తూనే ఉంది. మళ్లీ ఫ్లో లెక్కలు కూడా తీయాలా?" అని ఒక ఆపరేటర్ అడిగారు.

తీయాలి. ఫ్లో లెక్కలంటే ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి ఎంత డేటా వెళ్లిందో రౌటర్ రాసే చిట్టా. లైన్ నిండిందని గ్రాఫ్ చెప్తుంది, ఎవరు నింపారో చెప్పదు. బల్లగుద్ది చెప్తాను, మన ఊళ్లలో సాయంత్రం నెట్ పడుకునేది బ్యాండ్‌విడ్త్ చాలక కాదు. అయినా ఓనర్లందరూ ముందు పరిగెత్తేది ఇంకాస్త బ్యాండ్‌విడ్త్ కొనడానికే.

నేను ప్రొద్దుటూరులో ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర నెట్‌వర్క్ చూసేవాణ్ణి. ఒక ఎండాకాలం, దీపాలు పెట్టే వేళయితే చాలు, ఫోన్లు మొదలు. "ఏంది సామీ, ఈ నెట్టు ఇట్ల సస్తాంది?" మా ఓనరన్న దగ్గర జవాబు రెడీగా ఉండేది: "పిల్లోళ్లంతా ఐపీఎల్ చూస్తాండారు, ఇంకో గిగా కొందాం." సరే, ఐపీఎల్ చూస్తే డౌన్‌లోడ్ కదా నిండాలి? అది సగం కూడా లేదు. నిండింది అప్‌లోడ్. అది నిండితే, వచ్చిన డేటా అందిందని మనవైపు నుంచి వెళ్లే ప్యాకెట్లు ఇరుక్కుపోయి డౌన్‌లోడూ కుంటుతుంది.

మా మైక్రోటిక్ కంపెనీ రౌటర్‌లో ఈ లెక్కలు తీసే 'ట్రాఫిక్ ఫ్లో' ఆన్ చేశాను. మూలన పడున్న పాత కంప్యూటర్‌లో లైనక్స్, ఫ్లో లెక్కలు దాచి చూపించే ఎన్‌ఎఫ్‌డంప్ సాఫ్ట్‌వేర్ వేసి లెక్కలు దానికి పంపాను. పైసా ఖర్చు లేదు. ఆ సాయంత్రమే దొరికింది: ఒకే కస్టమర్ ఐపీ నుంచి యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే రకం) ప్యాకెట్ల వరద, అంతా ఒక్క అడ్రసుకే. కాసేపటికి ఇంకో అడ్రసుకి. పగలు చూస్తే అదే ఐపీ పోర్ట్ 23 (దూరం నుంచి పరికరంలో లాగిన్ అయ్యే టెల్నెట్ దారి) మీద ఊరూపేరూ లేని వేల అడ్రసుల్ని ఒక్కో ప్యాకెట్‌తో తడుతోంది.

అదొక బట్టల అంగడి. "బిల్లులు కొట్టేదానికి తప్ప మేం నెట్టే వాడం సార్" అన్నాడు అంగడాయన. ఆయన చెప్పింది నిజమే. ఫ్లోలో అంగడి ఐపీ వరకే తెలుస్తుంది, లోపల ఏ పెట్టె అన్నది తెలియదు. స్విచ్ దగ్గర కేబుళ్లు ఒక్కొక్కటే పీకితే, సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) కేబుల్ దగ్గర వరద ఆగింది.

కెమెరాలు ఫోన్‌లో చూసుకోవాలని స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని అడ్రసు) తీసుకున్నారు. బిగించినతను డీవీఆర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేసి, కంపెనీ పాస్‌వర్డే వదిలేశాడు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ దూరి, వేరేవాళ్ల మీద దాడికి వాడుకున్నదీ ఇలాంటి పెట్టెల్నే. ఆ రకంది మెమరీలో మాత్రమే ఉంటుంది కాబట్టి పెట్టెని ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోతుంది, పాస్‌వర్డ్ మార్చకపోతే మళ్లీ దూరుతుంది. ఈ కెమెరాల వాళ్లతో నాకు పెద్ద తలనొప్పి. వైరు గోడకి వంకర లేకుండా కొడతారు, పాస్‌వర్డ్ మార్చవయ్యా అంటే "కస్టమర్ మర్చిపోతాడు సార్" అంటారు.

ఇదంతా చూశాక మా ఓనరన్నకి వచ్చిన మొదటి డౌట్: "అబ్బీ, ఎవురు ఏ వీడియో చూస్తాండారో ఇందులో కనపడతాదా?" కనపడదు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ పోర్ట్, ఎన్ని బైట్లు, ఎంతసేపు, అంతే. ఆయన ముఖం వాడిపోయింది.

మీరు పెట్టేటప్పుడు యాక్టివ్ టైమౌట్ (ఇంకా నడుస్తున్న ఫ్లో లెక్కని ఎంతసేపటికోసారి పంపాలో చెప్పే సెట్టింగ్) మాత్రం మార్చండి. మైక్రోటిక్‌లో డిఫాల్ట్‌గా 30 నిమిషాలు ఉంటుంది, అంటే ఇప్పుడు నడుస్తున్న పెద్ద డౌన్‌లోడ్ అరగంట తర్వాత గానీ లెక్కలోకి రాదు. 1 నిమిషం చేయండి. రౌటర్‌కీ, లెక్కలు అందుకునే కంప్యూటర్‌కీ గడియారం సరిచేసే ఎన్‌టీపీ పెట్టండి, లేకపోతే కంప్లైంట్ వచ్చిన టైముకీ ఫ్లో టైముకీ పొంతన ఉండదు. పాత అలవాటు కొద్దీ లెక్కలు పంపే ఫార్మాట్‌గా నెట్‌ఫ్లో వెర్షన్ 5 ఎంచుకోకండి, అందులో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) ఉండదు. వెర్షన్ 9 గానీ, దాని తర్వాత వచ్చిన ఐపీఫిక్స్ గానీ పెట్టండి.