నాన్నగారి క్యాన్సర్ వైద్యానికి స్థలం అమ్మాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. బయాప్సీలో ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది, బయటికి పాకలేదన్నారు. ఆపరేషనైనా రేడియేషనైనా పర్వాలేదంటున్నారు డాక్టర్లు. మా కంపెనీ గ్రూప్ పాలసీలో ఆయనకు రూ.5 లక్షల కవరేజీ ఉంది, గది అద్దె పరిమితి రోజుకు రూ.5,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఆయనకు రూ.10 లక్షలది, రూ.5 లక్షలది రెండు ఖాతాలున్నాయి. తెరిచి మూడేళ్లు దాటింది. ఊళ్లో స్థలం అమ్మమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: ఇప్పటికైతే రెండూ వద్దు. మీకు అవసరమని తెలిశాక స్థలానికి సరైన ధర పెట్టేవాడు దొరకడు. పాకని ప్రొస్టేట్ క్యాన్సర్‌లో సాధారణంగా ఆలోచించుకోవడానికి కొన్ని వారాలైనా వ్యవధి ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో ఎంత ఉందో డాక్టర్‌నే అడగండి.

ఆపరేషన్ ఖర్చు ఒక్కసారే మీద పడుతుంది. రేడియేషన్ అలా కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున చాలాచోట్ల నాలుగు వారాలు, రిస్కును బట్టి దానితోపాటు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా హార్మోన్ ఇంజెక్షన్లు. రేడియేషన్ డే కేర్ కింద, అంటే రాత్రి ఆసుపత్రిలో ఉండక్కర్లేని చికిత్స కింద వస్తుంది గానీ, ఓపీలో వేయించుకునే ఇంజెక్షన్లకు చాలా పాలసీలు డబ్బివ్వవు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘ఇంజెక్షన్లు ఎన్ని నెలలు?’ అని కాగితం మీద రాసుకెళ్లండి. అలాగని పాలసీని చూసి చికిత్స ఎంచుకోకండి. రేపు మూత్రం ఆపుకోలేని ఇబ్బంది వస్తే పడేది ఆయనే.

రోబో సర్జరీ అంటే మాత్రం పాలసీలో దానికి ఉప పరిమితి, అంటే ఇంతవరకే ఇస్తామనే విడి హద్దు ఉందేమో చూడాలి. గది విషయంలో చాలామంది దెబ్బతింటారు. రోజుకు రూ.8,000 గదిలో చేరారనుకోండి. క్లెయిమ్‌లో కోత ఒక్క అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీల్లోనూ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవి రూ.2,40,000 అయితే రూ.90,000 మీ జేబులోంచే. మందుల బిల్లుకు ఈ కోత ఉండదు.

ఇంకో చిక్కు. బయాప్సీ వాపు తగ్గాలని ఆపరేషన్‌కు ఆరు వారాల వరకు ఆగమంటారు. ఆసుపత్రిలో చేరకముందు 30 రోజుల ఖర్చులే పాలసీ ఇస్తే ఎంఆర్ఐ, బయాప్సీ బిల్లులు గడువు దాటిపోతాయి. బయాప్సీకి విడిగా డే కేర్ క్లెయిమ్ వేసి చూడండి.

70 దాటారు కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి రూ.5 లక్షల వరకు వర్తిస్తుంది. మీ ఆసుపత్రి ఆ పథకం ఆసుపత్రుల జాబితాలో ఉంటే చాలదు, క్యాన్సర్ విభాగానికీ ఉండాలి.

ఇంకా తక్కువైతే రూ.5 లక్షల ఖాతా మూసేయండి. కోత ఒక శాతం, అంటే రూ.5,000. ఈ పథకంలో ఏ ఖాతాలోంచీ కొంత మాత్రమే తీయడం కుదరదు గనుక పెద్ద ఖాతా జోలికి పోవద్దు. మూసే ఫారం మీద సంతకం ఆయనదే కావాలి, ఆసుపత్రిలో చేరకముందే పోస్టాఫీసుకు తీసుకెళ్లండి.